మంగళవారం అప్‌డేట్, బుధవారం నీలి తెర

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే కథ. రాత్రి బాగానే ఆపి పడుకున్నాం, పొద్దున పెడితే కంప్యూటర్ తెరుచుకోలేదు, మధ్యలో అప్‌డేట్ అని ఏదో కనిపించింది. అందుకని ఈసారి పేజీలన్నీ ఆ బాధితులకే. ప్రింటర్ సిరా గురించి, పిల్లల ఆటల గురించి రాసినవారు వచ్చే నెల దాకా నన్ను తిట్టుకోకుండా ఉండాలి.

కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. నేను ఇంజినీరును కాను. ఏలూరులో ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్ మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. నాకు తెలిసిందంతా నా బల్ల మీదికి వచ్చిన యంత్రాలు నేర్పిందే. అవి నేర్పనిది నేను చెప్పను.

ప్రశ్న: అమ్మా, నేను పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి. పదకొండేళ్లుగా మా గోదావరి ప్రాంతపు సామెతలు సేకరించి, ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో టైపు చేసుకుంటున్నాను. ఆరు వేలు దాటాయి. మొన్న బుధవారం ఉదయం కంప్యూటర్ పెడితే అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అంటూ ముప్పై శాతం దగ్గర గంటన్నర నిలబడిపోయింది. తర్వాత తనే ఆగి, తనే మొదలైంది. నీలం తెర, దాని మీద ఒక ఏడుపు ముఖం, మళ్లీ మొదలు. గానుగెద్దులా అలా తిరుగుతూనే ఉంది. మా వీధి చివర దుకాణం కుర్రవాడు చూసి, ‘ఫార్మాట్ తప్ప దారి లేదు తాతగారూ, ఆరు వందలు అవుతుంది’ అన్నాడు. డల్లాస్‌లో ఉన్న మనవడు ‘దేన్నీ ముట్టుకోకండి తాతయ్యా’ అంటున్నాడు. నా సామెతలు ఉన్నాయా, పోయాయా? ఆ ఒక్కటి చెప్పు.
— విశ్రాంత తెలుగు పండితులు, తణుకు

జవాబు: మాస్టారూ, ఉన్నాయనే నా నమ్మకం. ఆ కుర్రవాడికి ఆరు వందలు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకండి.

మీ ఇంటి వీధి తలుపు వానకు ఉబ్బి బిగుసుకుపోయిందనుకోండి. లోపల బీరువాలో ఉన్న పట్టుచీరకు ఏమైంది? ఏమీ కాలేదు. మీరు లోపలికి వెళ్లలేకపోతున్నారు, అంతే. అప్‌డేట్ మార్చేది విండోస్ తన పనికి వాడుకునే ఫైళ్లను. కొన్ని కొత్తవి పెట్టి, కొన్ని పాతవి తీయకముందే ఆగిపోతే యంత్రం లేచే దారిలో ఒక మెట్టు విరుగుతుంది. అక్కడిదాకా వస్తుంది, కాలు జారుతుంది, మళ్లీ మొదటికి వెళుతుంది. మీరు చూస్తున్న గానుగ అదే. మీ సామెతలు ఆ మెట్ల దారిలో లేవు, వేరే గదిలో ఉన్నాయి.

ఫార్మాట్ అంటే తలుపు రాలేదని ఇల్లు కూల్చి కొత్తది కట్టడం. ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే నేనూ ఆ పని చేశాను. దుకాణం పెట్టిన మూడో ఏడు. ఒకాయన కూతురి పెళ్లి ఫోటోలున్న కంప్యూటర్ తెచ్చారు. ఫోటోలు ఎక్కడ ఉన్నాయని అడిగితే ‘అన్నీ డీ డ్రైవ్‌లో పెట్టించాను’ అన్నారు. సరేనని సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేశాను. ఫోటోలున్నది డెస్క్‌టాప్ మీద. డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లో. ఆ సంగతి ఆయనకు తెలియకపోవడం సహజం. నాకు తెలిసి కూడా తెరిచి చూడలేదు, ఎందుకంటే ఆ సాయంత్రం ఇంకో మూడు డబ్బాలు వరుసలో ఉన్నాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులు ఇచ్చి, సీపీయూను రిక్షాలో పెట్టించుకుని వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

మీ మనవడి మాట సగం సరైనది. ఫార్మాట్ విషయంలో ముట్టుకోకండి అన్నది బంగారం లాంటి సలహా. కానీ ఆ గానుగను రాత్రంతా తిరగనివ్వడం మంచిది కాదు. ముందు స్విచ్ ఆపేయండి. పదవ తరగతి చదివే పిల్లవాణ్ణి ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని ఇలా చేయండి.

ఖాళీగా ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ముందే పెట్టండి. కంప్యూటర్ ఆన్ చేసి, కంపెనీ గుర్తు కింద చుక్కలు తిరగడం మొదలవగానే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయండి. రెండోసారి కూడా అంతే. మూడోసారి వదిలేస్తే మరమ్మతు తెర తనే వస్తుంది. అందులో ‘ట్రబుల్‌షూట్’, తర్వాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నొక్కండి. ఇక్కడ అందరూ నేరుగా బాగుచేసే మీటల మీద పడతారు. మీరు పడకండి. ముందు ‘కమాండ్ ప్రాంప్ట్’ తెరవండి. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. నల్లటి కిటికీ వస్తుంది. అందులో నోట్‌ప్యాడ్ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. మామూలు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దాని ‘ఫైల్’లో ‘ఓపెన్’ నొక్కితే మీ డిస్కు మొత్తం కనిపించే కిటికీ దొరుకుతుంది. కింద ‘ఆల్ ఫైల్స్’ అని మార్చడం మరవకండి, లేకపోతే ఫోల్డర్లన్నీ ఖాళీగా కనిపించి మీ గుండె ఆగుతుంది. ఇంకొకటి, ఆ తెరలో డ్రైవ్‌ల అక్షరాలు తారుమారు కావచ్చు. మీ సీ అక్కడ డీ కావచ్చు. ‘యూజర్స్’ అన్న ఫోల్డర్ ఎందులో ఉంటే అదే మీ ఇల్లు. సామెతల ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి కాపీ, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్. కాపీ అవుతున్నంతసేపూ ఎంతయిందో చూపించే గీత ఏదీ రాదు, కిటికీ కొయ్యబారినట్టు ఉంటుంది. పని జరుగుతూనే ఉంటుంది. లేచి కాఫీ తాగి రండి. అప్పటికీ కదలకపోతే పేపరు కూడా చదవండి.

ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయని కళ్లతో చూశాకే రెండో అంకం. పాత తెరకు వెళ్లి ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’, అందులో ‘లేటెస్ట్ క్వాలిటీ అప్‌డేట్’. అంటే కిందటిసారి వచ్చిన నెలవారీ అప్‌డేట్‌ను వెనక్కి తీయమని. చాలాసార్లు ఇక్కడితో యంత్రం లేచి కూర్చుంటుంది. లేవకపోతే ‘స్టార్టప్ రిపేర్’, అదీ కాకపోతే ‘సిస్టమ్ రిస్టోర్’. అన్నీ అయ్యాక చివరి ఆయుధం ‘రీసెట్’. అక్కడ రెండు దారులు అడుగుతుంది. ‘కీప్ మై ఫైల్స్’ అన్నదే మీది. రెండోది ‘రిమూవ్ ఎవ్రీథింగ్’, దాని జోలికి పోవద్దు. మొదటి దారిలో వెళ్లినా ఫైళ్లు మిగులుతాయి కానీ, మీరు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. అను కూడా పోతుంది.

ఇక్కడే మీ ప్రాణం ఇంకోసారి ఎగిరిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను. అను లేని కంప్యూటర్‌లో మీ ఫైలు తెరిస్తే తెలుగు కనిపించదు. ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు కలిసిన పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చెరిపేయకండి. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మల్ని కూర్చోబెట్టాయి. ఫాంటు లేకపోతే కింద ఉన్న అసలు అక్షరం బయటపడుతుంది. అను మళ్లీ పెట్టగానే తెలుగు తిరిగి వస్తుంది. వీలు చూసుకుని వాటిని అన్ని యంత్రాలకూ అర్థమయ్యే యూనికోడ్‌లోకి మార్పించుకోండి, అప్పుడు ఏ ఫోనులోనైనా చదవవచ్చు. ఒత్తులు కొన్ని చోట్ల తడబడతాయి, ప్రూఫు మీరే దిద్దాలి. మీకంటే బాగా దిద్దేవారు ఎక్కడ దొరుకుతారు?

‘అప్‌డేట్ ఫైళ్లను ముట్టదు’ అని నేను గుండె మీద చేయి వేసుకుని అనలేకపోవడానికి ఒక కారణం ఉంది. 2018 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు నిజంగానే చెరిపేసింది. కొద్ది రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబరు 13న మళ్లీ వదిలారు. అలాంటిది అరుదు. అరుదు అంటే రాదని కాదు.

చివరగా, పండితులవారు కోప్పడకూడదు. పదకొండేళ్ల పని ఒక్క డిస్కులో, ఒక్క గదిలో, నకలు లేకుండా పెట్టుకోవడం ఏమిటి మాస్టారూ? మీ ఆరు వేల సామెతల అక్షరాలన్నీ కలిపినా ఈరోజు ఫోనుతో తీసే ఒక్క ఫోటో అంత బరువు ఉండవు. మనవడికి ఒక ఈమెయిలు చేస్తే డల్లాస్‌లో ఒక నకలు ఉండేది. ఈ వారమే చేయండి.

ప్రశ్న: 2024లో విమానాలు ఆగిపోయిన నీలి తెర గొడవకు, మా ఇంట్లో వచ్చిన నీలి తెరకు సంబంధం ఉందా? నాన్నగారు అదే వైరస్ అని వాదిస్తున్నారు.
— డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారు రెండు చోట్ల పొరబడ్డారు. అది వైరస్ కాదు. పైగా, వైరస్‌ను పట్టాల్సిన కాపలాదారు చేసిన పని. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. మన గడియారంలో ఉదయం 9:39కి వదిలారు, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో దాన్ని అందుకున్న విండోస్ యంత్రాలు సుమారు 85 లక్షలు అని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. హైదరాబాదు విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో ఆరోజు ఊరంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు.

తప్పు ఎక్కడ జరిగిందో వాళ్లే తర్వాత వివరంగా రాశారు. నాకు అర్థమైనట్టు చెబుతాను. పెళ్లి బంతిలో ఇరవై విస్తళ్లు వేశారు. వడ్డించేవాడి చేతిలో చీటీలో ఇరవై ఒకటి అని ఉంది. వాడు ఇరవై ఒకటో విస్తరి ఉందో లేదో చూడకుండా సాంబారు వంచాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఇరవై విలువలు అందుకుని ఇరవై ఒకటో దాని కోసం లేని చోట చేయి పెట్టింది. మామూలు సాఫ్ట్‌వేర్ అయితే అది ఒక్కటే కూలిపోయేది. ఇది విండోస్ గుండెకాయ పక్కనే కూర్చుని పనిచేసేది కాబట్టి యంత్రం మొత్తం కూలింది. వాళ్లు ఫైలును వెనక్కి తీసుకున్నా, అప్పటికే కూలిన యంత్రాలకు ఆ కబురు చేరే దారి లేదు. అవి లేస్తే కదా వినేది. చాలా చోట్ల మనుషులు ఒక్కొక్క దాని దగ్గరకు వెళ్లి, సేఫ్ మోడ్‌లో, అంటే తప్పనిసరి వాటితో మాత్రమే లేపి, ఆ ఒక్క ఫైలు తీసేయాల్సి వచ్చింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను సంస్థలు కొనుక్కుంటాయి. ఇళ్లలో ఉండదు. నాన్నగారి ఆఫీసు లాప్‌టాప్ అయితే తప్ప మీ ఇంటి తెరకు దానితో చుట్టరికం లేదు. నీలి తెర జ్వరం లాంటిది. జ్వరం వచ్చిన ప్రతివారిదీ ఒకే జబ్బు కాదు. తెర కింది భాగంలో ‘స్టాప్ కోడ్’ అని ఒక పేరు ఉంటుంది, దాన్ని ఫోనుతో ఫోటో తీసి పంపితే అసలు సంగతి చెప్పగలను.

ప్రశ్న: అక్కా, మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు లాప్‌టాప్ కొనిచ్చి, అన్నీ తనే పెట్టిచ్చాడు. మా మహిళా పొదుపు సంఘం లెక్కలన్నీ నేను అందులోనే రాస్తాను. పోయిన వారం లాప్‌టాప్ కంపెనీ వాళ్ల అప్‌డేట్ ఏదో వచ్చింది, సరే అన్నాను. అప్పటి నుంచి నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ కొట్టమంటోంది. నేను ఎప్పుడూ అలాంటిది పెట్టుకోలేదు. బజారులో చూపిస్తే మూడు వేలు ఇస్తే తెరిచి లెక్కలు తీసిస్తానంటున్నారు. ఇవ్వమంటారా?
— సంఘం కార్యదర్శి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా. ముందు ఆ మూడు వేల సంగతి తేలుద్దాం. ఆ తెర పేరు బిట్‌లాకర్. మీ డిస్కు మీద ఉన్నదంతా సంకేత లిపిలోకి మార్చి తాళం వేసి ఉంది. ఆ 48 అంకెలు లేకుండా దాన్ని తెరిచే మొనగాడు హనుమకొండలో కాదు, లాప్‌టాప్ తయారు చేసిన కంపెనీలో కూడా లేడు. తెరుస్తానన్నవాడు చేసేది అంతా చెరిపేసి విండోస్ కొత్తగా పెట్టడం. తెరుచుకుంటుంది, నిజమే. లెక్కలు ఉండవు.

మీరు పెట్టుకోని తాళం ఎక్కడి నుంచి వచ్చిందంటారా? కొత్త లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదటిసారి లోపలికి వెళ్లగానే చాలావాటికి అది తనంతట తనే పడుతుంది. లాప్‌టాప్ దొంగలపాలైనా లోపలి సంగతులు వాళ్లకు అందకూడదని. లోపల ఒక చిన్న చిప్పు కాపలాదారుగా ఉంటుంది. రోజూ యంత్రం లేచే తీరును చూసి, ‘ఆ, మనవాళ్లే’ అని తలుపు తీస్తుంది. కంపెనీ అప్‌డేట్ బయోస్‌ను, అంటే విండోస్ కంటే ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రామును మార్చింది. యజమాని తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని వచ్చారు, కాపలావాడు గుర్తుపట్టలేక గేటు దగ్గర నిలబెట్టాడు. వాడి తప్పేమీ లేదు. గుర్తింపు కార్డు చూపించమంటున్నాడు.

కార్డు ఎక్కడుంది? మీరు రాసిన ఉత్తరంలోనే జవాబు ఉంది: ‘అన్నీ తనే పెట్టిచ్చాడు.’ అబ్బాయి తన ఈమెయిలుతోనే లాప్‌టాప్ మొదలుపెట్టి ఉంటాడు. అలాగైతే కీ అతని మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఇంట్లో అందరి లాప్‌టాప్‌లూ అతని ఖాతాలోనే ఉంటే కీలు కూడా నాలుగైదు ఉండవచ్చు. అందుకే మీ తెర మీద ‘రికవరీ కీ ఐడీ’ అని ఉన్న దాంట్లో మొదటి ఎనిమిది అక్షరాలు అతనికి చెప్పండి. అది సరిపోయిన కీ మీది.

ఫోనులో అంకెలు చెప్పించుకోవడం చిన్న పని కాదు. అతనికి అర్ధరాత్రి, మీకు పొద్దున, మధ్యలో కుక్కరు కూత. వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. ఇందులో ఒక ముచ్చట ఉంది. ప్రతి గుంపూ పదకొండుతో శేషం లేకుండా భాగించబడుతుంది. మీరు కొట్టిన కీని యంత్రం ఒప్పుకోకపోతే ఒక్కొక్క గుంపునూ పదకొండుతో భాగించి చూడండి. శేషం మిగిలిందా, ఆ గుంపులో ఒక అంకె తప్పు పడినట్టే. సంఘం లెక్కలు రాసే చేతికి ఇది ఒక లెక్క కాదు. పని అయ్యాక ఆ కీని లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకుని, పుస్తకాన్ని బీరువాలో పెట్టండి. లాప్‌టాప్ సంచిలో మాత్రం వద్దు.

అబ్బాయి ఖాతాలోనూ లేకపోతే? ఆఫీసు ఖాతా వాడి ఉంటే ఆఫీసు వాళ్ల దగ్గర ఉంటుంది, కొందరు కాగితం మీద అచ్చు తీసి పెడతారు, అవన్నీ వెతికించండి. ఎక్కడా దొరకకపోతే మాత్రం లెక్కలు పోయినట్టే. అబద్ధం చెప్పి ఓదార్చలేను. అప్పుడు సంఘం సభ్యుల పాసుపుస్తకాల నుంచి తిరిగి రాసుకోవాలి.

‘అక్కా’ అని పిలిచారు. మీకు న్యూజెర్సీలో కొడుకు ఉన్నాడంటే అక్క ఎవరో తేల్చుకోవాల్సిందే. అయినా బాగుంది, అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: అప్‌డేట్లను శాశ్వతంగా ఆపేసే ఉపాయం ఒక వీడియోలో చూసి చేశాను. రెండేళ్లుగా ప్రశాంతంగా ఉన్నాను. మీరు ఎప్పుడూ అప్‌డేట్ చేసుకోండి అంటారు కాబట్టి అడుగుతున్నాను, నేను చేసింది తప్పా?
— పన్నుల లెక్కలు చూసే గుమస్తా, అనంతపురం

జవాబు: తప్పే. ఊళ్లోవాళ్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు మీ కంప్యూటర్‌లో ఉన్నాయి కాబట్టి మామూలు తప్పు కూడా కాదు. వానాక్రై గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన పురుగు. 2017 మే 12న బయటపడి ప్రపంచమంతా పాకింది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కంప్యూటర్లకే సోకింది. అది దూరిన కన్నాన్ని మూసే అప్‌డేట్ అదే ఏడాది మార్చి 14న, అంటే రెండు నెలల ముందే వచ్చింది. వేసుకున్నవారు నిద్రపోయారు.

కానీ వచ్చిన రోజే ఎగబడి వేసుకోమని కూడా నేను అనను. దుకాణంలో ఉన్నదాన్ని, మొదటి బంతిలో కూర్చున్నవాళ్ల గతి చూస్తూనే ఉంటాను. 2025 అక్టోబరు 14 నాటి విండోస్ 11 అప్‌డేట్ చూడండి. అది వేసుకున్నాక, పైన మాస్టారికి చెప్పిన ఆ మరమ్మతు తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయడం మానేశాయి. మందుల పెట్టె తాళంచెవిని పెట్టెలోనే పెట్టి మూసినట్టు. అక్టోబరు 20కల్లా దిద్దుబాటు వదిలారు. వారం ఆగినవారికి ఆ గొడవే తెలియదు.

నా పద్ధతి ఇది. విండోస్ నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం వస్తాయి. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది అంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మన దగ్గర చాలామంది చూసేది బుధవారం పొద్దున. మంగళవారం కొత్త పని మొదలుపెట్టకూడదని మా అమ్మమ్మ అనేది, ఆవిడకు మైక్రోసాఫ్ట్ సంగతి తెలియదు కానీ. ఆ మంగళవారానికి ముందు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీకి వెళ్లి ఒక వారం ‘పాజ్’ నొక్కుతాను. కావాలంటే ఐదు వారాల దాకా పొడిగించుకోవచ్చు, నేను ఎప్పుడూ వారం దాటనివ్వను. ఆ తర్వాత వచ్చే ఆదివారం, నకలు తీసుకుని, కరెంటు కోత లేని వేళ చూసి, వేసుకుంటాను. లాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి. డెస్క్‌టాప్ అయితే ముందు యూపీఎస్ నిజంగా బతికే ఉందో లేదో గోడ స్విచ్ ఆపి పరీక్షించి. మన ఇళ్లలో యూపీఎస్‌లు చాలావరకు కీచుమనడానికే మిగిలి ఉంటాయి.

మీది ఇంకా విండోస్ 10 అయితే మరో సంగతి. దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. రెండేళ్లుగా అన్నీ ఆపేసి కూర్చున్నారు కాబట్టి ఆ కబురు మీకు చేరి ఉండదు.

ప్రశ్న: అప్‌డేట్ విఫలమైందని పెద్ద నీలం తెర వచ్చి, కింద ఫోను నంబరు ఇచ్చింది. ఫోను చేస్తే మర్యాదగా హిందీలో మాట్లాడి, ఏదో సాఫ్ట్‌వేర్ వేయించి, అరగంట బాగుచేశారు. తర్వాత మా వారి ఖాతా నుంచి పద్దెనిమిది వేలు పోయాయి. కంప్యూటర్ మాత్రం బాగానే ఉంది.
— గృహిణి, విశాఖపట్నం

జవాబు: కంప్యూటర్ బాగానే ఉంటుందమ్మా, దానికి అసలు ఏమీ కాలేదు కాబట్టి. మీరు చూసింది ఇంటర్నెట్‌లో ఏదో పేజీ తెర నిండా పరుచుకుని వేసిన వేషం. అసలు నీలి తెర మీద ఫోను నంబరు ఉండదు. ఎప్పుడూ ఉండదు. మీకు ఉత్తరం రాసేంత వ్యవధి దొరికిందంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేశారనే అనుకుంటున్నాను. చేయకపోతే ఇది చదవడం ఆపి చేయండి. బ్యాంకుకు కూడా చెప్పి ఖాతా, కార్డు ఆపించండి. డబ్బు ఇంకో ఖాతాకు మారకముందు పట్టుకోగలిగితేనే తిరిగి వచ్చే ఆశ. తర్వాత వాళ్లు వేయించిన సాఫ్ట్‌వేర్ తీయించి, పాస్‌వర్డ్‌లన్నీ వేరే ఫోను నుంచి మార్చండి. మీ వారు మిమ్మల్ని కోప్పడి ఉంటే ఈ పేజీ చూపించండి. నా దుకాణానికి ఇదే కథతో వచ్చినవారిలో బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన కూడా ఉన్నారు.

ప్రశ్న: రాత్రి అప్‌డేట్ వేసి ఆపాను. ఉదయం ఆన్ చేస్తే నీలం తెర కూడా లేదు. అంతా చీకటి, లోపల ఫ్యాను తిరుగుతోంది, వరుసగా బీప్‌లు. ఈ అప్‌డేట్‌ను వెనక్కి తీయడం ఎలా?
— బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు

జవాబు: తాటిచెట్టు మీద కాకి వాలింది, పండు రాలింది. కాకిని తిట్టకండి. విండోస్ ఇంకా నిద్ర లేవకముందే బీప్‌లు వస్తున్నాయంటే అప్‌డేట్ దాకా కథ వెళ్లనే లేదు. చాలావరకు ర్యామ్, అంటే యంత్రం పనిచేస్తున్నంతసేపూ వాడుకునే జ్ఞాపకపు పలక, సరిగా అతుక్కోకపోతే అలా కూస్తుంది. ప్లగ్గు పూర్తిగా తీసేయండి. పవర్ బటన్ ఒకసారి నొక్కి వదలండి, మిగిలిన కరెంటు పోతుంది. పక్క రేకు విప్పితే ఆ సన్నటి పలక నిలబడి ఉంటుంది. రెండు చివర్లా ఉన్న క్లిప్పులు పక్కకు నొక్కితే పైకి వస్తుంది. దాని అంచున పసుపు రంగు గీతల వరుస ఉంటుంది. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ గీతలను మెల్లగా, ఒకే వైపుకు రుద్దండి. నల్లటి మురికి రబ్బరుకు అంటడం కనిపిస్తుంది. పొడి దులిపి, రెండు వైపులా టక్కుమని చప్పుడు వచ్చేదాకా తిరిగి నొక్కండి. రబ్బరు మెత్తటి తెల్లదే వాడండి. సిరా చెరిపే గరుకు రబ్బరుతో రుద్దితే మురికితో పాటు పూత కూడా పోతుంది, అప్పుడు కొత్త ర్యామ్ కొనాలి.